నాగపట్టణ తీరమందలి పుణ్యస్థలములు

సముద్రతీరమున నుండు క్షేత్రములను గూర్చి చదువునపుడు మనము సాధారణముగా ఆలయమును చూతుము గాని దాని యెదుటనున్న సముద్రమును చూడము. తమిళదేశమందలి నాగపట్టణపు తీరము విషయమున నిట్లు చేసినచో సగము చరిత్ర మనకు కనబడక పోవును. చెన్నపట్టణమునకు దక్షిణముగా సుమారు 300 కిలోమీటర్ల దూరమున, కావేరీనది పాయలు కడలిని చేరు పల్లపు నేల యిది. కొండలు లేవు. ఎటు చూచినను వరిచేలు, తాటితోపులు, ఉప్పుమళ్ళు, ఆవల బంగాళాఖాతము. ఇచ్చటి దైవస్థానములలో కొన్నింటిని ఓడలే తెచ్చినవనిన అతిశయోక్తి కాదు. దక్షిణపు కొననుండి తీరము వెంట ఉత్తరమునకు నడచుచు వానిని చూతము.

దక్షిణాగ్రమున కొడియక్కరై యున్నది. తీరమిచ్చట హఠాత్తుగా పడమరకు తిరుగును. 1967వ సంవత్సరమునుండి యిది సంరక్షితమైన అడవి. కృష్ణజింకలు మందలుగా తిరుగును. మన పులికాటు సరస్సునకు వచ్చు రాజహంసలు శీతకాలమున ఇచ్చటి ఉప్పునీటి మడుగులలో సైతము దిగును. 2018 నవంబరులో వచ్చిన గజ తుపాను ఈ యడవికి గొప్ప నష్టము కలిగించెను.

దానికి కొంచె ముత్తరమున వేదారణ్యము. వేదములే యిచ్చట శివుని పూజించి గుడి తలుపులు మూసి వెళ్ళినవనియు, అప్పరు అను భక్తుడు పాడగా అవి తెరచుకొన్నవనియు, బాలుడైన సంబంధరు పాడగా మరల మూసికొన్నవనియు స్థలపురాణము. అప్పరు పెక్కు పద్యములు పాడవలసి వచ్చెనట. సంబంధరున కొక్కటి చాలెనట! 1930 ఏప్రిలులో చక్రవర్తుల రాజగోపాలాచార్యులవారు తిరుచిరాపల్లినుండి కాలినడకను అనుచరులతో ఈ యూరికే వచ్చి, ఉప్పు తీసి, చెరసాలకు పోయిరి. యాత్రికులు గుడిని చూచి మరలిపోవుదురు గాని ఆ ఉప్పుమళ్ళను గూడ చూడవలసినదని మా యభిప్రాయము.

ఇక వేళాంగణి. ఆరోగ్యమాత దేవాలయమును గూర్చి మూడు కథలు వాడుకలో నున్నవి. యజమానికి పాలు తీసికొనిపోవు బాలుని ఒక స్త్రీ తన శిశువునకై పాలడిగెననుట యొకటి. మజ్జిగ యమ్ముకొను కుంటిబాలుడు ఆమె మాటపై లేచి నడచెననుట రెండవది. పోర్చుగీసు నావికులు తుపానులో చిక్కి, మాతను ప్రార్థించి, ఈ యొడ్డున ప్రాణములతో పడి, కృతజ్ఞతగా గుడి కట్టించిరనుట మూడవది. పీఠము చుట్టునున్న పింగాణీ పలకలు వారి కానుకలని చెప్పుదురు. మొదటి రెండు కథలలోని వారు ఆ యూరి పేదపిల్లలు, మూడవ కథలోని వారు పరదేశీయులు. ఒకే గుడికి ఇరువురును కారణమగుట మాకు మిక్కిలి యింపుగా తోచినది. ఈ యాలయమునకు 1962లో బసిలికా యను గౌరవము లభించినది. ఏటేట ఆగస్టు 29న ధ్వజారోహణముతో ఆరంభమై సెప్టెంబరు 8వరకు ఉత్సవము జరుగును. కాషాయవస్త్రములు ధరించి కాలినడకను వచ్చువారిలో హిందువులును అనేకులు.

అక్కడికి సుమారు 12 కిలోమీటర్ల ఉత్తరమున నాగపట్టణము. త్యాగరాజస్వామి తెలుగు కృతులతో కొలిచిన నీలాయతాక్షీదేవి ఆలయ మిచ్చటిదే. కాని యీ పట్టణమున మిక్కిలి గొప్ప పుణ్యస్థలము నేడు లేదు. సముద్రమున కావలి శ్రీవిజయ రాజ్యాధిపతి తన తండ్రి పేర చూడామణి విహారమను బౌద్ధాలయమును ఇచ్చట కట్టించెను. తంజావూరి పెద్దగుడి కట్టించిన శివభక్తుడగు రాజరాజచోళుడు, సుమారు 1006వ సంవత్సరమున, ఆనైమంగళ మను గ్రామాదాయమును దాని కిచ్చెను. ఆ దానపు రాగిరేకులు హాలండుదేశము చేరుటచే వానికి లైడెన్ శాసనములని పేరు వచ్చినది. (ఆయన కుమారుడు రాజేంద్రుడే 1025లో ఆ శ్రీవిజయముపై నౌకాసైన్యమును పంపెను, రాజుల స్నేహములు ఇట్టివి.) ఆ విహారమునకు చెందినదని చెప్పబడు ఇటుక గోపురము శిథిలమై పందొమ్మిదవ శతాబ్దమువరకు నిలిచి యుండెను. దూరమునుండి వచ్చు నావికులకది గురుతు. 1867లో జెసూటు గురువులు ప్రభుత్వపు అనుమతి పొంది దానిని పడగొట్టించిరి. మిషను పాఠశాలలో చదువుకొను మనము ఈ సంగతిని దాచరాదు. ఆ ప్రాంతపు నేలలో దొరకిన బౌద్ధ కంచువిగ్రహములు మున్నూటికి పైబడినవి. వానిలో పెక్కింటిని చెన్నపట్టణపు మ్యూజియమునకు చేర్చిరి.

పట్టణమునకు చేరువనే నాగూరు. షాహుల్ హమీదు అను మహాత్ముని సమాధి యిచ్చట నున్నది. చిల్లుపడి మునుగుచున్న యొక ఓడను ఆయన తన చేతి యద్దమును విసరి కాపాడెనని నావికులు చెప్పుకొందురు. తంజావూరి నాయకరాజు వ్యాధిని కుదిర్చెననియు వాడుక. దర్గాకు గల అయిదు మినారులలో ఎత్తైనది 131 అడుగులది. దానిని కట్టించినవాడు హిందువైన మరాఠారాజు ప్రతాపసింహుడు. కందూరి యుత్సవమున ఓడల రూపమున అలంకరించిన రథములు నాగపట్టణమునుండి ఊరేగింపుగా వచ్చును. ఈ తీరపు వర్తకులు తాము పోయిన సింగపూరు, పినాంగు రేవులలో సైతము నాగూరు దర్గా పేర మందిరములు కట్టుకొనిరి.

2004 డిసెంబరు 26, ఆదివారము, క్రీస్తు జయంతికి మరునాడు, ఈ తీరముపై సునామీ కెరటములు పడెను. తమిళదేశమున అత్యధిక ప్రాణనష్టము ఈ జిల్లాకే సంభవించినది. ఆరువేలమందికి పైగా చనిపోయిరి. వేళాంగణి యిసుకతీరమున నున్న యాత్రికులు పలువురు కొట్టుకొని పోయిరి. వారు మ్రొక్కు చెల్లింప వచ్చినవారు. దైవమెట్లు సమ్మతించెనని అడిగిన మాకును జవాబు లేదు. అప్పుడు నాగూరు దర్గావారు తమ భూమిలో కొంత యిచ్చి, హిందువులు, క్రైస్తవులు, మహమ్మదీయులు అను భేదము లేక మృతులను పూడ్పించిరి.

కడపటిది తరంగంబాడి. 2020వరకు ఈ జిల్లాలోనిదే. నేడు మయిలాడుదురై జిల్లాలో నున్నది. 1620లో డెన్మార్కువారికి ఇచ్చట కోట కట్టుకొన సెలవిచ్చినవాడు తెలుగు కవియైన తంజావూరి రఘునాథనాయకుడు. 1706 జూలైలో జీగెన్‌బాల్గు, ప్లూచౌ అను ఇరువురు మిషనరీలు దిగిరి. డెన్మార్కు రాజే పంపినవారైనను, ఆ కోట అధికారియే జీగెన్‌బాల్గును 1708లో నాలుగు నెలలు చెరలో నుంచెను. చెర విడిచిన పిదప ఆయన తమిళమున క్రొత్త నిబంధనను అచ్చు వేయించెను. ఆయన 1719లో మరణించెను. తాను కట్టించిన ఆలయముననే సమాధి. ఆ సంవత్సరమే వచ్చిన షుల్జు అను మిషనరీ తరువాత చెన్నపట్టణము చేరి తెలుగు నేర్చి బైబిలును తెనిగించెను. ఆయన జర్మనీకి మరలినపిమ్మట 1746 ప్రాంతమున హాలే నగరమున తెలుగు పుస్తకములను అచ్చు వేయించెను. అచ్చుబడిన తెలుగు పుస్తకములలో అవి మొదటివని యెన్నుదురు.

కోటకు చేరువనే 1306లో పాండ్యరాజగు కులశేఖరుని కాలమున కట్టిన మాసిలామణినాథుని గుడి యున్నది. దాని ముందుభాగమును సముద్రము తినివేసినది. మిగిలినదానిని కాపాడుటకై ఒడ్డున పెద్ద బండరాళ్ళు పేర్చి యున్నారు.