కృష్ణబిలం తిరుగుతోందంటే, తిరుగుతున్నది ఏమిటి?

భూమి తిరుగుతోందని చూపడం తేలిక. నేల మీద ఒక చోటు గుర్తుపెట్టుకుంటే చాలు, అది మళ్లీ సూర్యుడి ఎదుటికి వచ్చేసరికి ఒక రోజు. కృష్ణబిలానికి నేల లేదు. దాని సరిహద్దు, అంటే ఘటనా దిగంతం, గట్టి పొర కాదు. దాటితే కాంతి కూడా వెనక్కి రాలేని హద్దు. గుర్తు పెట్టుకోవడానికి ఒక మచ్చయినా ఉండదు. మరి తిరుగుతున్నది ఏమిటి?

కృష్ణబిలంగా కూలిపోయే భారీ నక్షత్రం అంతకుముందే తన చుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది. కూలేటప్పుడు బయటికి చిమ్మిన పదార్థంతో కొంత కోణీయ ద్రవ్యవేగం పోవచ్చు. లోపలికి పడిన పదార్థంతో వెళ్లింది మాత్రం మాయం కాదు. పదార్థం కనుమరుగైనా, ఆ భ్రమణం ముద్ర బయటి స్థలకాలం మీద మిగిలిపోతుంది.

1963లో న్యూజిలాండ్ గణితవేత్త రాయ్ కెర్ ఐన్‌స్టైన్ సమీకరణాలకు కనుగొన్న పరిష్కారం ఈ స్థితినే వర్ణిస్తుంది. తిరిగే కృష్ణబిలం చుట్టూ ఉన్న స్థలకాలాన్నే తనతో తిప్పుతుంది. దిగంతాన్ని ఆనుకుని బయట ఎర్గోస్ఫియర్ అనే ప్రాంతం ఉంటుంది. ఎంత బలమైన రాకెట్ అయినా అక్కడ నిలకడగా ఉండలేదు. ఎదురు దిశలో వదిలిన కాంతి సైతం తిరిగే వైపుకే కొట్టుకుపోతుంది. దీన్ని సుడిగుండంతో పోలుస్తుంటారు. నాకు ఆ పోలిక సగమే నచ్చుతుంది. సుడిలో మనల్ని లాగేది నీరు. ఇక్కడ అలా తగిలి లాగే పదార్థం ఏదీ లేదు, ‘కదలకుండా ఉండటం’ అన్నదే సాధ్యం కాదు.

ఇంత దూరం నుంచి దీన్ని కొలిచేది ఎలా? చుట్టూ పళ్లెంలా తిరిగే వేడి వాయువు సాయంతో. సూర్యుడికి 10 రెట్ల ద్రవ్యరాశి ఉండి, తిరగని కృష్ణబిలం చుట్టూ వాయువు స్థిరమైన కక్ష్యలో కేంద్రానికి దాదాపు 90 కిలోమీటర్ల దాకానే రాగలదు. అంతకన్నా లోపలికి వస్తే పడిపోవడమే. కృష్ణబిలం కూడా అదే దిశలో తిరుగుతుంటే పళ్లెం అంచు ఇంకా లోపలికి జరుగుతుంది. అక్కడి వాయువు మరింత వేడెక్కి, ఎక్స్ కిరణాల వర్ణపటం మారుతుంది.

2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి నింగికెళ్లిన మన ఆస్ట్రోశాట్ అలాంటి ఎక్స్ కిరణాలనే చూసింది. వాటిని నాసా చంద్ర టెలిస్కోపు పరిశీలనలతో కలిపి, 4యు 1630-47 అనే జంట వ్యవస్థలోని కృష్ణబిలం భ్రమణం దాదాపు 0.92 అని 2018లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 0 అంటే తిరగనిది, 1 అంటే సిద్ధాంతం ఒప్పుకునే గరిష్ఠం. 10 సూర్యుల ద్రవ్యరాశికి 0.92 అంటే ఆ అంచు 90 నుంచి దాదాపు 32 కిలోమీటర్లకు దిగుతుంది.

ఈ అంకె కృష్ణబిలం గతాన్ని కూడా అడుగుతుంది. తిరగకుండా పుట్టిన 6 సూర్యుల కృష్ణబిలం, పళ్లెంలోని వాయువును మింగుతూ 0.92కు చేరాలంటే దాదాపు 10 సూర్యులంత బరువెక్కాలి. తోడు నక్షత్రం అంత మేత పెట్టగలదా? పెట్టలేకపోతే, ఆ వేగంలో చాలా భాగం పుట్టుకతోనే వచ్చి ఉండాలి.