పాత టైర్లు పారెయ్యకు

వేములపల్లి



ముందు చక్రాలకు రెండు కొత్త టైర్లు వేయించినప్పటి నుంచి బండి చేతిలో నిలవడం లేదని, సూర్యాపేట దాటి హైవే ఎక్కితే తేలిపోతున్నట్టు ఉంటోందని, ఎడమకు గుంజుతోందని, 90 దాటగానే స్టీరింగ్ వణుకుతోందని రాశావు. టైర్లే చెడ్డవి, వాపసు ఇచ్చెయ్యమని ఒకరు, కింద సామాను మొత్తం విప్పి మార్చాలని ఇంకొకరు చెప్పారట. ఆ రెండింట్లో ఏదీ ఇప్పుడే చెయ్యకు. కొత్త టైరు బండిని చెడగొట్టడం తక్కువ. బండిలో ముందునుంచే ఉన్న లోపాన్ని పాత టైరు కప్పిపెట్టి ఉంచుతుంది, కొత్త టైరు ఆ కప్పు తీసేస్తుంది. అందుకే టైర్లు మార్చిన రోజే లోపం పుట్టినట్టు అనిపిస్తుంది. ఈ మాట నిజమో కాదో నీ బండి మీదే తేల్చుకోవచ్చు. గాలి కొలిచే గేజీ, జాకీ, నీ అరచెయ్యి ఉంటే చాలు. పరీక్షల వరుస మాత్రం తప్పకూడదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చాక అదే రోడ్డు మీద అదే వేగంతో నడిపి చూడాలి. గాలి సరిచేసి, అలైన్‌మెంట్ చేయించి, టైర్లు అటూఇటూ మార్పించి, అన్నీ ఒక్క పూటలో కానిస్తే బండి బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. తెలియనిది మళ్లీ వస్తుంది.

షాపువాళ్లు రిమ్ము మీద టైరు అంచు గట్టిగా కూర్చోడానికి గాలి ఎక్కువగా కొడతారు, పని తొందరలో దాన్ని తగ్గించడం మరిచిపోతారు. కాబట్టి గాలితోనే మొదలుపెట్టు. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభానికి అతికించిన చీటీ మీద ముందు ఎంత, వెనక ఎంత అని ఉంటుంది. టైరు మీద అచ్చేసిన అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, బండికి కావలసిన గాలి కాదు. గాలి మరీ ఎక్కువైన టైరు నడుమ భాగమే ఎక్కువగా రోడ్డును ఆనుతుంది, బండి తేలుతున్నట్టు అనిపించడానికి అదొక్కటే చాలు. కొలవడం పొద్దున్నే, బండి కదలకముందే. గాలి వేడి సుమారు 5 నుంచి 6 డిగ్రీలు పెరిగితే ఒత్తిడి 1 పీఎస్‌ఐ పెరుగుతుంది. మన దిక్కు మే నెలలో తెల్లవారుజాముకూ నడి మధ్యాహ్నానికీ 15 డిగ్రీల తేడా మామూలే, పరుగు వేడి దానికి అదనం. నల్లగొండ నుంచి ఎండలో వచ్చి బంకులో కొలిపించి, ఎక్కువుందని గాలి తీయిస్తే, మర్నాటికి టైరు మెత్తబడి ఉంటుంది. ఒక్కో షాపు గేజీ ఒక్కోలా చూపిస్తుంది గనుక సొంత గేజీ ఒకటి కొనుక్కో.

కొన్నాళ్లు నడిపితే అదే సర్దుకుంటుందని షాపువాళ్లు అంటారు. అందులో సగం నిజం ఉంది. అచ్చులోంచి టైరు ఊడి రావడానికి పూసే జారుడు పదార్థం కొత్త టైరు పైపొరలో మిగిలి ఉంటుంది. గాడి లోతు కూడా 7, 8 మిల్లీమీటర్లు ఉంటుంది గనుక రబ్బరు దిమ్మెలు పొడుగ్గా నిలబడి, స్టీరింగ్ తిప్పగానే ముందు అవి వంగి, ఆ తర్వాత బండి తిరుగుతుంది. అరిగిన టైరు దిమ్మెలు పొట్టివి కాబట్టి వంగవు, చెయ్యి కదిపిన క్షణానే బండి కదులుతుంది. దానికి అలవాటుపడ్డ చేతికి కొత్త టైరు మెత్తగా, ఆలస్యంగా పలుకుతున్నట్టు తోస్తుంది. ఆ మెత్తదనం 200, 300 కిలోమీటర్లు నడిచేసరికి చాలావరకు పోతుంది, అందాకా వేగమూ బ్రేకూ జాగ్రత్త. కానీ గుంజుడు, వణుకుడు అలా పోవు. అవి పోతాయని ఎదురుచూసిన ప్రతి వారమూ కొత్త టైరునే అరగదీస్తుంది. నీ మూడు ఫిర్యాదుల్లో తేలడం ఒక్కటే నడిపితే కొంత తగ్గేది.

వణుకు సంగతికొస్తే, అది ఏ వేగంలో మొదలవుతుందో, ఎక్కడ తెలుస్తుందో చూడు. స్టీరింగ్‌లో తెలిస్తే ముందు చక్రాలు, సీటు కింద తెలిస్తే వెనక చక్రాలు అనుకోవచ్చు. 80, 90 దాటాకే రావడం బ్యాలెన్సింగ్ తప్పిన గుర్తు. రిమ్ము లోపలి అంచుకు 20 గ్రాముల మట్టి అంటుకుందనుకో. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో నీ బండి చక్రం సెకనుకు సుమారు 14 సార్లు తిరుగుతుంది, ఆ కాస్త మట్టి చక్రాన్ని దాదాపు 3 కిలోల బరువుతో గుంజుతుంది. 50లో అదే మట్టి బలం ముప్పావు కిలో. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు, అందుకే ఊళ్లో తిరిగినంతసేపు ఏమీ తెలియదు. మన సాగర్ ఎడమ కాలువ కింద నాట్ల రోజుల్లో ట్రాక్టర్ల వెంట పొలాల బురద రోడ్డెక్కుతుంది. ఆ రేగడి మట్టి రిమ్ము లోపలి వైపు పట్టి ఎండితే ఇటుకలా గట్టిపడుతుంది. పైనుంచి కడిగితే పోదు, బయటికి కనపడదు. చక్రం విప్పి లోపల చెయ్యిపెట్టి గీకాలి. దాని మీదే బ్యాలెన్సింగ్ చేస్తే, ఆ పెళ్ల రాలిన రోజున మళ్లీ వణుకు మొదలవుతుంది. చక్రం విప్పినప్పుడే ఇంకో రెండు చూడు. టైరు రిమ్మును కలిసేచోట, అంచు వెంబడి టైరు మీద సన్నటి గీత గుండ్రంగా ఉంటుంది. రిమ్ముకూ ఆ గీతకూ మధ్య ఎడం చుట్టూ ఒక్కలాగే ఉంటే టైరు సరిగ్గా కూర్చున్నట్టు. ఒకచోట వేలు పట్టి, ఇంకోచోట పట్టకపోతే ఎన్ని సీసపు ముక్కలు అతికించినా వణుకు పోదు, గాలి తీసి మళ్లీ కూర్చోబెట్టించాలి. రెండోది, నట్లు ఒకదాని పక్కన ఒకటి కాకుండా ఎదురెదురుగా బిగించాలి, 100 కిలోమీటర్ల లోపు మరోసారి స్పానర్‌తో చూసుకోవాలి.

గుంజుడు దగ్గరే చాలామంది తప్పుదారి పడతారు. నీళ్లు పోవడానికి రోడ్డును అంచువైపు వాలుగా వేస్తారు, మనం ఎడమ పక్కన నడుపుతాం గనుక ప్రతి బండీ కాస్త ఎడమకు జారుతుంది. మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయే దారిలో వడ్లు ఆరబోసినప్పుడు బండి ఒకే అంచున నడవాల్సి వస్తుంది, ఆ వాలు అక్కడ ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. గింజల మీద ఏ టైరైనా జారుతుంది, అక్కడ దేనినీ పరీక్షించకు. చదునైన ఖాళీ జాగాలో నడిపి చూడు. బ్రేకు తొక్కినప్పుడే గుంజితే అది బ్రేకుల పని. ఎప్పుడూ గుంజితే ముందు రెండు చక్రాలను ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్పించి మళ్లీ నడుపు. ఇప్పుడు కుడికి గుంజితే తప్పు టైరుదే. టైరు లోపలి పొరలు ఒక వైపుకు ఒరిగి తయారైతే అది శంకువులా దొర్లాలని చూస్తుంది. అప్పుడు మొహమాటం లేకుండా వారంటీ అడుగు. మార్చాక కూడా ఎడమకే గుంజితే టైరుకు ఏ పాపమూ తెలియదు, అలైన్‌మెంట్‌లోనో బుష్‌లలోనో ఉంది. టైరు పక్కన బాణం గుర్తు ఉంటే మాత్రం ఎడమా కుడీ మార్చకూడదు, అదే వైపు ముందుదీ వెనకదీ మార్చి చూడాలి. ఒకవైపు ‘అవుట్‌సైడ్’ అని అచ్చుంటే అది బయటికే కనపడాలి.

పాత టైర్లతో బాగానే ఉండేది కదా అని నువ్వు అడుగుతావు. సరైన ప్రశ్నే, జవాబు ఆ పాత టైర్ల మీదే ఉంది. షాపులో వదిలేసి ఉంటే పోయి తెచ్చుకో. ఎండలో పెట్టి, అరచెయ్యిని టైరు మీద అడ్డంగా, లోపలి అంచు నుంచి బయటి అంచుకు నిదానంగా జరుపు, మళ్లీ వెనక్కు తీసుకురా. ఒక దిక్కు నున్నగా జారి, రెండో దిక్కు రంపం పళ్లలా చేతికి తగిలితే ముందు చక్రాలు ఒకదాన్నొకటి చూస్తూనో, విడిపోయి చూస్తూనో నడిచాయన్నమాట. అలైన్‌మెంట్ షాపులో టో అనేది దాన్నే. ఒక్క లోపలి అంచే గుండు అయిపోయి ఉంటే టో కానీ, చక్రం ఒరగడం కానీ కారణం. రెండు అంచులూ అరిగి నడుమ మిగిలితే ఏళ్లుగా గాలి తక్కువ, నడుమే అరిగితే ఎక్కువ. అక్కడక్కడ గుంటలు పడి ఉంటే షాక్ అబ్జార్బర్లను అనుమానించు. వంకరగా నడిచిన చక్రం మీద టైరు ఆ వంకరకు తగ్గట్టే అరిగి, చివరికి దానితో రాజీపడి నేరుగా పోతున్నట్టు కనిపిస్తుంది. కొత్త టైరుకు ఆ రాజీ తెలియదు. నిండుగా రోడ్డును పట్టుకుంటుంది, వంకర మొత్తం నీ చేతికి అందిస్తుంది. అలైన్‌మెంట్ చేయించేటప్పుడు ముందున్న కొలతలు, చేశాక వచ్చిన కొలతలు అచ్చు తీయించుకో. బుష్‌లూ టై రాడ్ ఎండ్‌లూ వదులుగా ఉంటే ముందు అవి బాగుచేయించాలి. అవి ఊగుతుంటే తెరమీద పచ్చగా కనిపించిన అంకె రోడ్డు మీద నిలవదు.

ఇంకొకటి చెప్పాలి, నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. కొత్తవి ముందు వేసి, అరిగినవి వెనక ఉంచావు. వానలో ముందు టైర్లు నీళ్లను తోసి పట్టు నిలుపుకుంటాయి, వెనక గాడులు లోతు లేక నీటి మీద తేలిపోతాయి. మలుపులో వెనక భాగం పక్కకు విసురుతుంది, స్టీరింగ్ నీ చేతిలోనే ఉన్నా లాభం ఉండదు. ముందు జారితే బండి నేరుగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే మళ్లీ పట్టు దొరికే అవకాశం ఉంటుంది. వెనక జారితే సరిదిద్దడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. ఇంజను లాగేదీ తిప్పేదీ ముందు చక్రాలే కదా, మంచివి అక్కడే ఉండాలి కదా అంటారు. ముందువి త్వరగా అరుగుతాయన్నది నిజం. దానికి మందు 10,000 కిలోమీటర్లకోసారి ముందూవెనకా మార్చి నాలుగింటినీ సమంగా అరగనివ్వడం. ముందు టైరు పగిలితే ప్రమాదం కదా అనే మాటా ఉంది. టైరు పగిలేది ఎక్కువగా తక్కువ గాలి, మోయలేని బరువు, వేడి, వయసు వల్ల. ముందు వేయడానికి భయపడేంత పాత టైరు వెనకా ఉండకూడదు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే చట్టం ప్రకారమే తీసెయ్యాలి, గాడిలో అడ్డంగా ఉన్న చిన్న దిమ్మె ఆ హద్దు చూపిస్తుంది. వానాకాలానికి ముందే కొత్తవి వెనక్కు మార్పించు. గుంజుడు పరీక్ష అయ్యాకే సుమా, రెండూ ఒకేసారి చేస్తే మళ్లీ మొదటికొస్తాం.

కొత్తవాటి పక్కన తయారీ తేదీ అచ్చు కూడా చదువు. చివరి నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2324 ఉంటే 2024లో 23వ వారం. టైర్లు మన తెలుగు రాష్ట్రాల్లోనూ తయారవుతాయి, సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్, సత్యవేడు దిక్కు చిన్నపాండూరులో అపోలో ఫ్యాక్టరీలు ఉన్నాయి. అయినా గోదాములో ఏళ్లు పడి ఉన్న టైరు కొత్తదిగా చేతికి రావచ్చు. కొలత కూడా సరిచూడు. 165/80 ఆర్14 నిలువు సుమారు 620 మిల్లీమీటర్లు, 175/65 ఆర్14 అయితే 583 మాత్రమే. వెడల్పు పెరిగిందని సంతోషించి ఇలాంటివి వేయించుకున్నవాళ్ల బండి మునుపటిలా నడవదు, స్పీడోమీటరు కూడా వేగాన్ని ఎక్కువ చూపిస్తుంది.

ఆదివారం పొద్దున్నే బండి తీయకముందు నాలుగు చక్రాల గాలి కొలిచి నాలుగు అంకెలూ పంపు, తలుపు పక్క చీటీ మీద ఉన్నవి కూడా. పాత టైర్లు రెండింటినీ ఎండలో పెట్టి, ఏది ఎడమదో ఏది కుడిదో సున్నంతో రాసి ఫొటోలు తియ్యి. అవి చూశాక అలైన్‌మెంట్ షాపుకు ఎప్పుడు పోవాలో చెబుతా. అందాకా హైవే మీద 80 దాటకు. అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

మామయ్య