పుట్టుబుద్ధా, పెరిగిన తీరా?

ప్రశ్న: తమ్ముడికి 22 ఏళ్లు. చిన్న మాటకే పళ్లెం విసిరేస్తాడు, చేయి కోసుకుంటాడు, గంటకే ఏడుస్తూ కాళ్లు పట్టుకుంటాడు. ఇది పుట్టుబుద్ధా? కరువుకు అమ్మానాన్న వాణ్ణి అవ్వ దగ్గర వదిలి బెంగళూరు కూలికి పోయినందుకా? – ఓ అక్క, సోమందేపల్లె

జవాబు: చూడకుండా జబ్బు పేరు పెట్టలేనమ్మా. ఇలాంటి లక్షణాలు కనిపించే వ్యక్తిత్వ లోపాల్లో మాత్రం పుట్టుబుద్ధి, పెరిగిన తీరు రెండూ కలిసే ఉంటాయి. కవలల అధ్యయనాల్లో వారసత్వం వాటా సుమారు సగమని తేలింది; మిగతాది పెరిగిన పరిస్థితులది. చెనిక్కాయకు ఊడలు దిగే వేళ పదును తప్పితే విత్తనాన్ని తిట్టం కదా! పొట్టకూటికి పోయిన అమ్మానాన్ననూ తప్పుపట్టకండి. కారణం ఏదో మెదడు స్కాన్ తేల్చదు, డబ్బు వృథా చేయొద్దు. అమెరికా మనస్తత్వవేత్త మార్షా లినెహాన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ (డీబీటీ) అనే మాటల చికిత్సతో కోసుకోవడం తగ్గుతుంది. వాడు కోసుకోవడాన్ని నాటకమనకండి. ఈరోజే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.