అవ్వ చెప్పిన వరద

మా అవుకు ప్రాంతంలో విపత్తు అంటే కరువే. 1866 కరువులో ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పేరు జానపదుల పాటల్లో నిలిచింది. పదేళ్లకు వచ్చిన ధాత కరువు సామెతలా మిగిలింది. కాని ఆ కరువులు అనుభవించినవారిని అడిగి రాసుకుందామంటే ఇప్పుడు ఒక్కరూ లేరు. కనీసం మన కాలపు విపత్తునైనా రాసుకోవాలని కర్నూలు పాతబస్తీకి వెళ్లాను.

2009లో అంతవరకూ వానల్లేక అల్లాడిన జిల్లాను అక్టోబరు 2న వరద ముంచింది. తుంగభద్ర, హంద్రీ కలిసేచోట ఉన్న కర్నూలు నీట మునిగింది. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు చేరిందని లెక్కలున్నాయి. అయితే ఒక్కో ఇంట్లో ఏం జరిగిందో ఆ లెక్కల్లో లేదు.

నేను కలిసిన మొదటి అవ్వను ప్రశ్నల పట్టీ పెట్టుకొని అడిగాను. ఎన్ని గంటలకు? ఎన్ని అడుగులు? ఎంత నష్టం? "ఏమో నాయనా, గ్యాపకం లేదు" అంది అన్నింటికీ. తర్వాత దూడ సంగతి ఎత్తుకుంది. ఇది మనకెందుకులే అని రికార్డరు ఆపేశాను. "గడ్డేసి వచ్చినా. మళ్లా పోయేతలికి మెడకాడికి నీళ్లు. ముడి తడిసి బిగుసుకున్యాది, ఊడలే" అంది.

ఇంటికి వచ్చాక తెలిసింది నా తెలివితక్కువ. నీళ్లు ఎంత లోతు, ఎంత వేగం అన్న నా ప్రశ్నలకు జవాబు ఆ దూడ కథలోనే ఉంది. మళ్లీ వెళ్లి అడిగితే, "ఒకసారి చెప్పినా కదా నాయనా, మళ్లా మళ్లా తలుచుకోలేను" అంది. నేను ఇంకేం అడగలేదు.

అప్పటినుంచి నా పద్ధతి మార్చుకున్నాను. "ఆ పొద్దు ఏం పని చేస్తున్నారు?" అని మొదలుపెట్టి ఊరుకుంటాను. నీళ్లెంత వచ్చాయో గోడమీద చేత్తో చూపించమని, అప్పుడు టేపుతో కొలుస్తాను. పక్కింటివారి మాట వేరుగా ఉంటే ఇద్దరి మాటా రాస్తాను. తేడా ఉన్నంతమాత్రాన అది అబద్ధం కాదు. రికార్డు చేసేముందు అనుమతి అడుగుతాను. కన్నీళ్లు వస్తే ఆపి, చెప్పాలో వద్దో వారికే వదిలేస్తాను. రాసినదాన్ని తిరిగి వారికి చదివి వినిపిస్తాను.

మిత్రులారా! సెలవుల్లో ఊళ్లకు పోతాం కదా. మన ఇళ్లలోనే ఉన్నారు, చూసినవాళ్లు. ఒక పూట వారి దగ్గర కూర్చుందాం. అడగడంకన్నా వినడమే ఎక్కువ చేద్దాం.