నల్లని మట్టి యంతయు సారవంతమేనా?

రామగిరి ఖిల్లా గుట్టపై చెట్ల క్రింద ఆకులు చివికి యేర్పడిన మట్టి నల్లగా నుండును. అచటికి సమీపముననే సింగరేణి ఉపరితల గనుల దిబ్బలయందును, బొగ్గు లారీలు తిరుగు బాటల ప్రక్క చేలయందును మట్టి అక్కడక్కడ నల్లగానే కనబడును. రంగునుబట్టి రెండును ఒకటే యనిపించును. పైరునకు మాత్రము వాని నడుమ చాల భేదము కలదు. ఈ భేదము తెలియకపోవుటచే రైతునకు నష్టము కలుగవచ్చును గనుక, పంచాయతీ సభ్యులకు దీనిని కొంత వివరింపదలచితిమి.

ఆకులు, వేళ్లు, పశువుల యెరువు సూక్ష్మజీవుల వలన మార్పుచెందగా మట్టిలో మిగులు నల్లని పదార్థమును హ్యూమస్ అందురు. ఇది నీటిని పట్టియుంచును. నత్రజనిని మెల్లమెల్లగా పైరున కందించును. బొగ్గు కూడ ఒకనాటి చెట్టుచేమలే. గోదావరి లోయలోని బొగ్గు 25 కోట్ల యేండ్లకు పైబడినది. భూమి యడుగున వేడికిని ఒత్తిడికిని లోనై దాని నిర్మాణమే మారిపోయినది. అందలి నత్రజని పైరునకు అక్కరకు రాదు.

ఈ రెండు విధముల కర్బనమును వేరుపరచి చూపగలది న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్, అనగా ఎన్.ఎం.ఆర్. పరీక్ష. దీని మూలసూత్రమును 1946లో అమెరికాయందు ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ వేర్వేరుగా ప్రకటించి, 1952లో నోబెల్ బహుమానము నందిరి. ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. స్కానింగునకును ఇదియే ఆధారము. పేరు విని భయపడనక్కరలేదు. అణుధార్మికతతో దీనికి సంబంధము లేదు. మట్టిపొడిని చిన్న గొట్టములో నింపి, బలమైన అయస్కాంతము నడుమ గిరగిర త్రిప్పుచు, రేడియో తరంగములను పంపుదురు. కర్బన పరమాణువులలో నూటికి సుమారు ఒకటిగా నుండు కర్బనము-13 వానికి బదులు పలుకును. చుట్టునున్న పరమాణువులనుబట్టి ఆ బదులు మారును. ఆకులు, వేళ్ల పీచుపదార్థములోని కర్బనము కొలబద్దపై 60 – 110 నడుమను, బొగ్గులో విస్తారముగానుండు వలయాకారపు కర్బనము 110 – 160 నడుమను కానవచ్చును. మన ఎఱ్ఱ చెలకలలోని ఇనుము ఈ పరీక్షకు అడ్డు తగులును గనుక, ముందుగా మట్టిని ఆమ్లముతో కడుగుదురు.

గ్రామస్థులు తమ మట్టిని ఈ పరీక్షకు పంపవలెనని మా యుద్దేశము కాదు. అది పరిశోధనశాలల పని. మన చిక్కు వేరొకచోట నున్నది. 2015 నుండి ఇచ్చుచున్న భూసార కార్డులపై సేంద్రియ కర్బనపు అంకె యుండును. 0.5 శాతమునకు లోపైన తక్కువయనియు, 0.75 దాటిన ఎక్కువయనియు లెక్క. దీనిని సాధారణముగా వాక్లీ, బ్లాక్ అనువారి 1934 నాటి పద్ధతిలో డైక్రోమేటు ద్రావణముతో కట్టుదురు. ఆ ద్రావణము హ్యూమసుతోపాటు బొగ్గుపొడిలో కొంత భాగమును కూడ లెక్కలో చేర్చును. కర్బనము ఎక్కువయని కార్డు చెప్పును, నత్రజనికి కొదువ లేదని రైతు తలచి యెరువు తగ్గించును, పైరు పాలిపోవును. నింద విత్తనముపై పడును!

కావున బొగ్గుదుమ్ము పడు చేలనుండి నమూనా పంపునపుడు ఆ సంగతిని చీటిపై తప్పక వ్రాయింపుడు. లభ్య నత్రజనిని పర్మాంగనేటు పద్ధతిలో విడిగా పరీక్షింపుమని కోరుడు. 1956లో సుబ్బయ్య, అసీజా అనువారు మన దేశమునందే రూపొందించిన పద్ధతి యిది. దిబ్బల నల్లమట్టి తేరగా వచ్చుచున్నదని పంచాయతీ నర్సరీ సంచులలో దానినే నింపుటయు తగదు. చెరువు మట్టి, బాగుగా మాగిన పశువుల యెరువు కలిపి నింపింపుడు.