విశాఖ నుండి గన్నవరమునకు గగనయానము – ఒక గణితపాఠము

"విశాఖపట్టణము నుండి విజయవాడకు విమానమున నెంతసేపు పట్టును?" అని మేము తరగతిలో నడిగినప్పుడు, "ముప్పదియైదు నిమిషములు" అని పలువురు విద్యార్థులు జవాబు చెప్పిరి. వారి భాగహారమున తప్పు లేదు. అయినను ఆ జవాబును నమ్మి బయలుదేరినవాడు పరీక్షకో, రోగి పడకచెంతకో వేళ మించి చేరును. ఇట్లేల జరుగునో విచారింతము.

మొదట దూరము. ఈ రెండు పట్టణముల నడుమ రైలుదారి 350 కిలోమీటర్లు. అది తుని, సామర్లకోట, రాజమహేంద్రవరము, ఏలూరు మొదలగు ఊళ్లను కలుపుచు పోవును. విమానమున కట్టి పని లేదు గనుక దాని మార్గమును తిన్నని గీతగా నెంచి కొలువవచ్చును. విశాఖయందలి డేగ విమానక్షేత్రము 17 డిగ్రీల 43 నిమిషముల ఉత్తర అక్షాంశమునను, 83 డిగ్రీల 13 నిమిషముల తూర్పు రేఖాంశమునను ఉన్నది. గన్నవరము విమానాశ్రయము 16 డిగ్రీల 32 నిమిషముల అక్షాంశమునను, 80 డిగ్రీల 48 నిమిషముల రేఖాంశమునను ఉన్నది. ఇవి గడియారపు నిమిషములు గావు. డిగ్రీలో 60వ వంతులు.

అక్షాంశభేదము 71 నిమిషములు. అక్షాంశమున ఒక నిమిషము ఒక నాటికల్ మైలు, అనగా 1.852 కిలోమీటర్లు. రేఖాంశభేదము 145 నిమిషములు. రేఖాంశరేఖలు ధ్రువములవైపు దగ్గరగుచుండుటచే మన ప్రాంతమున దీనిని 0.956తో గుణింపవలెను, సుమారు 139 నాటికల్ మైళ్లు వచ్చును. ఈ రెంటిని లంబకోణ త్రిభుజపు భుజములుగా గొన్నచో, పైథాగరస్ సిద్ధాంతము చొప్పున కర్ణము 156 నాటికల్ మైళ్లు, అనగా 289 కిలోమీటర్లు.

ఇక కాలము. ఇట్టి చిన్న మార్గములకు తగిన ఏ.టి.ఆర్. 72 విమానము నిలుకడగా నెగురునప్పుడు గంటకు సుమారు 500 కిలోమీటర్లు పోవును. కనుక 35 నిమిషములు. కాని ఇంత దూరమునకు సమయపట్టికలలో సుమారు గంట వ్రాయుట వాడుక. ఏలయన, విమానము రన్‌వే వరకు మెల్లగా దొర్లవలెను. ఎక్కునప్పుడును దిగునప్పుడును పూర్ణవేగ ముండదు. రన్‌వే యున్న దిక్కునకు తిరుగవలెను. గంటకు 50 కిలోమీటర్ల ఎదురుగాలి వీచినచో 35 నిమిషములే 39 అగును.

ఉక్కునగరమున ఇల్లు విడిచినది మొదలు లెక్కింతము. విమానాశ్రయమునకు అరగంట, అచ్చట ముందుగా రెండు గంటలు, ప్రయాణము గంట, సామాను తీసికొని గన్నవరము నుండి విజయవాడ చేరుటకు మరియొక గంట. మొత్తము నాలుగున్నర గంటలు. రైలునకైనచో విశాఖ స్టేషనుకు గంట, నిరీక్షణ అరగంట, వందే భారత్ రైలుపై సుమారు నాలుగు గంటలు, మొత్తము ఐదున్నర. కాగితముమీద మూడు గంటలకు మించి కనబడిన లాభము నిజమున ఒక్క గంట. ఆ గంట యొకప్పుడు మిక్కిలి విలువైనది. ఒకప్పుడు పెట్టిన రుసుమునకు చాలనిది. దానిని నిర్ణయించుకొనువాడు మొత్తము దారిని కూడవలెను.

అభ్యాసము: భోగాపురమున మరియొక విమానాశ్రయమునకు 2023లో శంకుస్థాపన జరిగినది. అచ్చటినుండి గన్నవరమునకు దూరమును పటము చూచి గణింపుడు. పిమ్మట మీ యింటి గుమ్మము నుండి కాలమును లెక్కింపుడు. రెండు జవాబులలో ఏది యెక్కువ మారినదో, ఎందుచేతనో వ్రాయుడు.