నువ్వెందుకు పుట్టావో ఎవరూ చెప్పక్కర్లేదు చెల్లాయ్

"దేవుడు లేడనిపించడం మొదలైంది అక్కా. అప్పట్నుంచీ రాత్రిళ్లు భయం వేస్తోంది. పైవాడే లేకపోతే మనం ఎందుకు పుట్టినట్టు? పోయాక ఏమీ లేకపోతే ఈ చాకిరీ అంతా దేనికి?"

సఖినేటిపల్లిలో ఉండే ఒక చెల్లి అడిగిన మాట ఇది. పేరు చెప్పొద్దంది, చెప్పను. అంతర్వేది నరసింహస్వామి కొలువున్న మండలం అది. మాఘమాసంలో రథోత్సవానికి ఊళ్లకు ఊళ్లే కదులుతాయి. ఆదివారం పొద్దున్నే చర్చి మైకు మోగుతుంది. అలాంటి చోట ఈ మాట పైకి అనాలంటే ఎంత గుండె కావాలో నాకు తెలుసు. కాబట్టి ముందు ఒక్కటి విను. నువ్వు చెడిపోలేదు, నీకేమీ పట్టలేదు. నిజం తెలుసుకోవాలనుంది, అంతే.

ఇక భయం సంగతి. కత్తిపీట కూర తరగడానికే పుట్టింది, ఎందుకంటే చేసినవాడు దాన్ని ఆ పని కోసమే చేశాడు. నిన్ను అలా ఎవరూ ఏ పని కోసమూ చెయ్యలేదు. పుట్టుకకి ముందుగా రాసిపెట్టిన ప్రయోజనం లేదంటే నీకేదో తక్కువైందని కాదమ్మా. నువ్వు ఎవరి పనిముట్టువీ కాదని.

నిజానికి మన ఆడవాళ్లకి "ఎందుకు పుట్టావు" అన్నదానికి జవాబుల కరువు ఎప్పుడూ లేదు. పుట్టింటి పరువు నిలబెట్టడానికి, అత్తింటి వంశం నిలపడానికి, మొగుడికి అన్నం వండడానికి, పిల్లల్ని పెంచడానికి. మనం అడగకముందే జవాబు సిద్ధం. అందులో ఒక్కటీ మనం చెప్పుకున్నది కాదు.

నిజామాబాద్ వైపు జోగినుల సంగతి వినే ఉంటావు. ఊహ తెలియని ఆడపిల్లని అమ్మవారికి అంకితం అనేవాళ్లు. ఆ తర్వాత ఆ పిల్ల ఊళ్లో పెద్దమనుషుల పాలబడేది. దాదాపు అందరూ దళితుల పిల్లలే. ఆ పిల్ల ఎందుకు పుట్టిందో ఊరంతటికీ తెలుసు, ఆ పిల్లకే తెలియదు. మహాకవి జాషువా కూతురు హేమలతా లవణం ఆ ఊళ్లలో తిరిగి, ఆ పిల్లలతో కూర్చుని, వాళ్లకి చదువూ పెళ్లీ పనీ దొరికేదాకా ఏళ్ల తరబడి వెంటపడ్డారు. 1988లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఆ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆవిడ దేవుణ్ణి నమ్మని ఇంటి కోడలు. "దేవుడి కోసమే పుట్టింది" అన్న మాటని ఆ పిల్లల మీద నుంచి తీసెయ్యడమే ఆవిడ చేసిన పని.

అందుకే అంటాను, బతుక్కి అంటగట్టిన అర్థాలన్నీ మంచివి కావు. మొగుడు పోయినావిడకి "పూర్వజన్మ పాపం" అని చెప్తే అదీ ఒక అర్థమే. మాలపేటలో, మాదిగపేటలో పుట్టినవాళ్లకి వందల ఏళ్లుగా చెప్పిందీ అదే. అలాంటి అర్థం కంటే అర్థం లేకపోవడం వెయ్యిరెట్లు నయం. కనీసం మన కష్టానికి మనమే దోషులం కాకుండా ఉంటాం.

"మరి దేవుడు లేకుండా నిండుగా బతికిన ఆడవాళ్లు ఉన్నారా" అని కూడా అడిగావు. ఉన్నారు, మన దగ్గర్లోనే. సరస్వతీ గోరా 1912లో పుట్టారు, పదేళ్లకే పెళ్లయిపోయింది. ఆచారాలు గట్టిగా పాటించే బ్రాహ్మణ కుటుంబం. భర్త గోపరాజు రామచంద్రరావు, మనందరికీ తెలిసిన గోరా. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పేవారు. నాస్తికుడైనందుకు 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఉద్యోగం పోయింది. చంటిపిల్లల్ని చంకనేసుకుని ఆ రోజులు ఎలా నెట్టుకొచ్చి ఉంటారో ఒక్కసారి ఆలోచించు. పుస్తకాల్లో గోరా వాదనల గురించే ఎక్కువ రాస్తారుగానీ, ఆ వాదనలు ఇంట్లో నిలబడ్డది ఆవిడ గుండె మీద. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశారు. ఇప్పటికీ మనలో ఎంతమంది చూస్తాం చెప్పు? 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ఇద్దరూ కలిసి నాస్తిక కేంద్రం పెట్టారు, తర్వాత అది విజయవాడకి మారింది. క్విట్ ఇండియా ఉద్యమంలో ఆవిడ పసివాణ్ణి వెంటబెట్టుకునే జైలుకి వెళ్లారు.

పిల్లల పేర్లు చూడు, నాకు ఎంత ఇష్టమో. ఉప్పు సత్యాగ్రహం ఏడాది పుట్టినవాడు లవణం, ఇందాక చెప్పిన హేమలత భర్త. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది పుట్టినవాడు సమరం. అవును, పత్రికల్లో మనం ఎవరినీ అడగలేని సందేహాలకి జవాబులు రాసిన డాక్టర్ సమరమే. తొమ్మిదో బిడ్డ పేరు నౌ, అంటే హిందీలో తొమ్మిది. పెద్దమ్మాయి మనోరమకి దళిత యువకుడితో పెళ్లి నిశ్చయమైతే, తానే చేయిస్తానన్నాడు గాంధీ. ప్రమాణంలో దేవుడి పేరుకి బదులు సత్యం పేరు చెప్పడానికీ ఒప్పుకున్నాడు. ఈలోగా ఆయన్ని చంపేశారు. ఆ పెళ్లి 1948 మార్చిలో సేవాగ్రామ్‌లోనే జరిగింది. సరస్వతీ గోరా 2006 వరకూ ఉన్నారు. తొంభై మూడేళ్ల బతుకులో ఏ మూలైనా ఖాళీ కనిపిస్తుందేమో చూడు.

"అందరం అంతటివాళ్లం కాలేం కదక్కా, నేను లేసు అల్లుకునేదాన్ని" అంటావు. ఆ లేసు గురించే చెప్తాను. పంటు ఎక్కితే అవతల నరసాపురం. మిషనరీలు నేర్పిన ఆ అల్లిక గోదావరికి రెండువైపులా ఎన్ని వేల ఇళ్లకి చేరిందో నీకు తెలుసు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడి ఆడవాళ్ల మధ్య తిరిగి 1982లో ఒక పుస్తకం అచ్చు వేశారు. విదేశాలకి వెళ్లే సరుకు ఆ లేసు. అల్లేవాళ్లని మాత్రం పనివాళ్ల లెక్కలో రాయలేదు, "ఇంట్లో ఖాళీగా ఉండే ఆడవాళ్లు" అన్నారు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అల్లే చేతికి దక్కే కూలీ సంగతి నన్ను అడక్కు, నీకే బాగా తెలుసు. నీ చాకిరీ దేనికో తెలియక నువ్వు కుమిలిపోతున్నావు కదా, అందులో సగం బాధ ఆకాశం ఖాళీ అయినందుకు కాదు చెల్లాయ్. నీ పనికి ఎవరూ లెక్క కట్టనందుకు. దానికి దేవుడక్కర్లేదు, పక్కింటివాళ్లతో కలిసి కూలీ రేటు గట్టిగా అడగాలి.

బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' నవలలో దయానిధి ఈ ప్రశ్నే మోసుకుంటూ తిరుగుతాడు. గొప్ప నవల, చదువు. చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది, అన్నీ వదిలి వెళ్లగలిగిన మగవాడు కాబట్టి అలా వెతికాడు. మనం గంజి వార్చుకుంటూ వెతుక్కోవాలి. మన వెతుకులాట చిన్నదేం కాదు.

పోయాక ఏమీ లేదంటే మరి? లేకపోవచ్చు. 1996 నవంబరు తుఫాను మన కోనసీమలో కొబ్బరితోటల్ని పడుకోబెట్టేసింది. దేశవాళీ మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. ఆ కాయ తాము తింటామో లేదో తెలియని ముసలివాళ్లు కూడా మొక్కలు నాటారు. స్వర్గం కోసం కాదు, తర్వాత ఎవరో ఒకరు ఉంటారని. నాకు ఆ భరోసా సరిపోతుంది. నీకూ సరిపోవాలని బలవంతం చెయ్యను.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పకుండా చెప్పాలి. ఎందుకు బతకాలి అన్న ప్రశ్నతో పాటు నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, చచ్చిపోతే బాగుండని మళ్లీమళ్లీ అనిపించినా అది ఉత్త ఆలోచన కాకపోవచ్చు, జబ్బు కావచ్చు. మందులున్న జబ్బు. 14416 నంబరుకి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. సిగ్గుపడకు, ఇవాళే చెయ్యి.

అత్తగారితో తీర్థానికి వెళ్లాలా వద్దా అన్నావు. నమ్మకం లేకపోయినా మనుషులు మనవాళ్లే కదా. ఆవిడ చెయ్యి పట్టుకుని వెళ్లు, గాజులు కొనిపెట్టు. దండం మాత్రం నీ మనసు ఒప్పితేనే పెట్టు.

నీ కూతురు రేపో మాపో "నేనెందుకు పుట్టానమ్మా" అని అడుగుతుంది. వంశం కోసమనీ, దేవుడిచ్చాడనీ, ముసలితనంలో చూస్తావనీ చెప్పకు. "నువ్వు మాకు కావాలనిపించింది, పుట్టావు" అను. ఏం చెయ్యాలనుందో దాన్నే అడిగి, చెప్పింది పూర్తిగా విను.